విప్లవమా, వ్యవసాయమా? – గార్డన్ చైల్డ్ సిద్ధాంతం పై ఒక పునర్విమర్శ

ఆస్ట్రేలియాలో జన్మించి, బ్రిటన్‌లో ఆచార్యత్వం నెరపిన పురాతత్త్వవేత్త వి. గార్డన్ చైల్డ్ 1936లో ‘మ్యాన్ మేక్స్ హిమ్‌సెల్ఫ్’ అనే గ్రంథాన్ని ప్రకటించారు. పండితుల కోసం గాక సామాన్య విద్యావంతుల కోసం వ్రాసిన పుస్తకమిది. మానవుడు ఆహారాన్ని వెదకుకొనే స్థితి నుంచి ఆహారాన్ని ఉత్పత్తి చేసే స్థితికి చేరుకొనడాన్ని ఆయన ‘నవీన శిలాయుగ విప్లవం’ అన్నారు. నగరాలు, లిపి, రాజ్యం అవతరించడాన్ని ‘నగర విప్లవం’ అన్నారు. ఈ రెండు పదబంధాలూ ఆ తరువాత ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలలో స్థిరపడిపోయాయి. మన విశ్వవిద్యాలయాలలో చరిత్ర చదివిన కొన్ని తరాల విద్యార్థులు వ్యవసాయ ఆవిర్భావాన్ని చైల్డ్ కళ్లతోనే చూశారు. ఆయన పేరు ఎరుగని వారు సైతం ఆయన గీసిన చిత్రాన్నే చరిత్రగా భావిస్తున్నారు.

ఇంతటి ప్రభావం గల సిద్ధాంతాన్ని నేటి సాక్ష్యాల వెలుగులో తిరిగి పరీక్షించడం అవసరం. ఏ భూమి సాగు అనిపించుకొంటుంది, ఏ పంట ధాన్యమనిపించుకొంటుంది, ఎవరి జీవనవిధానం ‘వెనుకబడినది’ అనిపించుకొంటుంది అన్న ప్రశ్నలకు ఈనాటికీ తెలియకుండానే ఆ పాత చిత్రం నుంచి సమాధానాలు తీసుకొంటున్న వారు ఎందరో ఉన్నారు.

చైల్డ్ చెప్పినదేమిటి?

చైల్డ్ వాదంలోని ప్రధానాంశాలు నాలుగు. మొదటిది వాతావరణం. మంచుయుగం ముగియగానే పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతాలు ఎండిపోసాగాయని, నీరున్న ఒయాసిస్సుల వద్ద మనుషులూ, జంతువులూ, గడ్డిజాతి ధాన్యాలూ ఒకేచోట చేరక తప్పలేదని, ఆ సామీప్యం నుంచే పశుపోషణ, సేద్యం పుట్టాయని ఆయన భావించారు. రెండవది సామగ్రి. నునుపు చేసిన రాతి గొడ్డలి, మట్టికుండ, నేత, స్థిరనివాసం అనేవి సేద్యంతో కలిసి ఒక సంపుటిగా వచ్చాయన్నారు. మూడవది జనాభా. ఆహారం తన అదుపులోకి రావడంతో మానవజాతి వృద్ధి చెందిందని, ఆ వృద్ధియే ఈ మార్పు విజయానికి నిదర్శనమని వాదించారు. నాలుగవది క్రమం. సేద్యం వల్ల మిగులు, మిగులు వల్ల వృత్తివిభజన, దాని వల్ల నగరం, నగరం వల్ల లిపి, రాజ్యం – ఇలా ఒక మెట్టు మీద మరొక మెట్టు.

ఈ వాదంలోని గొప్పతనాన్ని ముందుగా గుర్తించాలి. అంతకు పూర్వం పురాతత్త్వం ప్రధానంగా వస్తువులను వర్గీకరించే శాస్త్రంగా ఉండేది. ఏ గొడ్డలి ఏ పొరలో దొరికింది, ఏ కుండ ఏ కుండను పోలి ఉంది అన్నవే దాని ప్రశ్నలు. ఆ వస్తువుల వెనుక ఉన్న మనిషి ఏమి తిన్నాడు, దాన్ని ఎలా సంపాదించాడు అన్నది చరిత్రకు మూలప్రశ్న కావాలని చైల్డ్ పట్టుబట్టారు. రాజుల పేర్లు లేని కాలానికి కూడా చరిత్ర ఉంటుందని ఆయన చూపారు. విత్తనాల సేకరణ, కుండల తయారీ, నూలు వడకడం వంటి ఆవిష్కరణల గౌరవాన్ని స్త్రీలకు ఇవ్వడానికి ఆయన సంకోచించలేదు. తాను విప్లవమంటున్నది నిజానికి ఒక సుదీర్ఘ ప్రక్రియకు పరాకాష్ఠ అని, ఫలితం మాత్రమే పురాతత్త్వానికి కనిపిస్తుంది గనుక దానిని ఒక సంఘటనగా చెప్పవలసి వస్తున్నదని ఆయనే హెచ్చరించారు. తరువాతి పాఠకులు విప్లవమన్న పదాన్ని గుర్తుంచుకొని, ఈ హెచ్చరికను మరచిపోయారు.

చైల్డ్ చేతిలో ఉన్న సాక్ష్యం కూడ చాలా స్వల్పం. గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ 1920లలో ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో వెలికితీసిన గడ్డి పరచిన ధాన్యపు పాతరలు, చెకుముకిరాతి పళ్లు తొడిగిన కొయ్య కొడవలి ఆనాటికి తెలిసిన ప్రాచీనతమ సేద్యచిహ్నాలలో ముఖ్యమైనవి. వాటి వయస్సును కొలిచే సాధనం లేదు. విల్లార్డ్ లిబ్బీ రేడియో కార్బన్ పద్ధతిని రూపొందించినది 1949 ప్రాంతంలో. కాలాన్ని కొలవలేని దశలో కాలక్రమాన్ని ఊహించిన సిద్ధాంతమిది. అది ఎక్కడ తప్పినదన్న దానికంటె, అంత తక్కువ ఆధారంతో ఎంత దూరం చూడగలిగినదన్నదే ఆశ్చర్యం.

కాలం చెప్పిన సాక్ష్యం

సిద్ధాంతంలో మొదట కూలిన స్తంభం వాతావరణానిది. అమెరికన్ పురాతత్త్వవేత్త రాబర్ట్ బ్రెయిడ్‌వుడ్ 1948 నుంచి 1955 వరకు ఇరాక్‌లోని కుర్దు కొండల పాదాల వద్ద జార్మో గ్రామంలో తవ్వకాలు జరిపారు. ఆయన వెంట వృక్షశాస్త్రజ్ఞులు, జంతుశాస్త్రజ్ఞులు, భూగర్భశాస్త్రజ్ఞులు ఉన్నారు. వారికి తొలి సేద్యపు జాడలు కనిపించినది ఎడారి ఒయాసిస్సులలో కాదు. అడవి గోధుమ, అడవి బార్లీ సహజంగా పెరిగే వర్షపాతం గల కొండవాలులలో. మంచుయుగం తరువాత ఆ ప్రాంతం క్రమంగా ఎండిపోయిందన్న ఊహ కూడ నిలువలేదు. సుమారు 12,900 ఏండ్ల క్రితం మొదలై వెయ్యేండ్లకు పైగా సాగిన ఒక చలి, పొడి దశ ఉన్న మాట నిజమే. కాని ఆ తరువాత వచ్చినది వెచ్చని, తేమ గల, నిలకడైన యుగం. సాగు బలపడినది ఆ నిలకడలోనే.

రెండవ స్తంభమైన సామగ్రి సంపుటిని కాథలీన్ కెన్యన్ జెరికోలో 1952 – 58 మధ్య జరిపిన తవ్వకాలు కదిలించాయి. అక్కడ సేద్యం ఉంది, రాతి ప్రాకారం ఉంది, రాతి బురుజు కూడ ఉంది. కుండ మాత్రం లేదు. ఇందుకు విరుద్ధంగా, చైనాలోని షియాన్‌రెన్‌దాంగ్ గుహలో దొరికిన కుండపెంకులు సుమారు 20,000 ఏండ్ల నాటివని 2012లో తేలింది. సేద్యానికి వేలాది సంవత్సరాల పూర్వమే అక్కడి సేకర్తలు కుండలు కాల్చారు. కుండ, గొడ్డలి, విత్తనం కలిసి పుట్టిన కవలలు కావు. వేర్వేరు ఊళ్లలో పుట్టి ఎక్కడెక్కడో కలుసుకొన్న బంధువులు.

అన్నిటికంటె లోతైన సవరణ వేగానికి సంబంధించినది. అడవి గోధుమ కంకి పండగానే దాని కణుపులు విడిపోయి గింజలు నేలరాలుతాయి. మొక్కకు అది వంశవృద్ధి మార్గం. సాగు గోధుమ కంకి పండినా రాలదు. మనిషి కోసి, నూర్చి, విత్తితేగాని దానికి మరుజన్మ లేదు. ఈ ఒక్క మార్పే అడవి మొక్కకూ పంట మొక్కకూ ఉన్న ప్రధాన భేదం. ఏపుగా ఉన్న పైరును కొడవలితో కోసి, ఆ విత్తనాన్నే మరల మరల చల్లితే ఒకటి రెండు శతాబ్దాలలోనే ఈ మార్పు పూర్తి కావచ్చునని 1990లో గార్డన్ హిల్‌మన్, స్టూవర్ట్ డేవిస్ ప్రయోగాల ద్వారా లెక్క వేశారు. కాని తవ్వకాలలో దొరికిన మసిబారిన కంకి ముక్కలు వేరొక కథ చెప్పాయి. పశ్చిమాసియాలో రాలని రకం పూర్తిగా పైచేయి సాధించడానికి రెండు మూడు వేల సంవత్సరాలు పట్టింది. చైనాలో దిగువ యాంగ్‌ట్సీ లోయలోని తియాన్‌లువోషాన్‌లో దొరికిన వరి అవశేషాలను పరిశీలించినవారు, సుమారు 6,900 నుంచి 6,600 ఏండ్ల క్రితం వరకు గల మూడు వందల సంవత్సరాలలో రాలని వరి పాలు 27 శాతం నుంచి 39 శాతానికి మాత్రమే పెరిగినదని 2009లో వెల్లడించారు. ఆ ప్రజల ఆహారంలో వరితో పాటు ఓక్ గింజలు, నీటి సింగాడాలు కూడ పుష్కలంగా ఉండేవి. తాము ఒక విప్లవం మధ్యలో ఉన్నామని ఆ మూడు వందల ఏండ్లలో ఏ తరానికీ తెలిసి ఉండదు.

సేకరణకూ సాగుకూ మధ్య గీత ఎంత పలుచనిదో మరి రెండు ఉదాహరణలు తెలుపుతాయి. గలిలీ సరస్సు ఒడ్డున ఒహాలో అనే చోట సుమారు 23,000 ఏండ్ల క్రితం నివసించిన వారు అడవి బార్లీ, గోధుమలను సేకరించి రాతిపై నూరుకొన్నారు. సేద్యానికి అది పది వేల ఏండ్లకు పైగా ముందరి మాట. ఇక 1960లలో జాక్ హార్లన్ అనే అమెరికన్ వ్యవసాయ శాస్త్రజ్ఞుడు తూర్పు టర్కీ కొండలలో చెకుముకిరాతి కొడవలి చేతబట్టి అడవి గోధుమను కోసి చూశారు. గంటకు సుమారు కిలో శుభ్రమైన గింజ లభించింది. ఒక కుటుంబం మూడు వారాల పాటు శ్రమిస్తే ఏడాదికి చాలినంత, ఇంకా మిగిలేంత ధాన్యం చేకూరుతుందని ఆయన తేల్చారు. అటువంటప్పుడు దున్నడమెందుకు, విత్తడమెందుకు? వ్యవసాయం స్వయంగా స్పష్టమైన మేలు గనుక మనిషి దానిని కనుగొన్న వెంటనే స్వీకరించి ఉంటాడన్న నమ్మకానికి ఈ ప్రశ్న గట్టి దెబ్బ.

నిచ్చెన లేని నేలలు

చైల్డ్ చూపిన మెట్ల క్రమం పశ్చిమాసియా నమూనా. ఆ నమూనాను భూగోళమంతటికీ విస్తరించినప్పుడే చిక్కులన్నీ వచ్చాయి. రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు నికొలాయ్ వవిలోవ్ 1926లోనే పంటమొక్కల జన్మస్థానాలు ప్రపంచంలో అనేకమని ప్రతిపాదించారు. దేశదేశాల విత్తనాలను సేకరించిన ఆ మహనీయుడు 1943లో సరతోవ్ కారాగారంలో మరణించారు. వ్యవసాయానికి ఒకే తల్లి లేదన్న ఆయన మాటను తరువాతి పరిశోధన బలపరచింది.

మెక్సికోలోని వాహాకా లోయలో గిలా నకీత్స్ గుహలో దొరికిన గుమ్మడి గింజలు సుమారు 10,000 ఏండ్ల నాటివి. నైరుతి మెక్సికోలోని బాల్సాస్ నదీలోయలో తియోసింటె అనే గడ్డి నుంచి సుమారు 9,000 ఏండ్ల క్రితం మొక్కజొన్న రూపొందడం మొదలైంది. కాని అక్కడ స్థిరమైన గ్రామాలు ఏర్పడినది ఆ తరువాత కొన్ని వేల సంవత్సరాలకు. అంటే మొక్కలను పెంచుతూనే ప్రజలు సంచారజీవనం సాగించారు. పంట వేయగానే ఊరు కట్టుకోవాలన్న నియమం వారికి వర్తించలేదు.

పపువా న్యూగినీ ఎత్తైన లోయలోని కూక్ చిత్తడినేల ఇంకొక మెట్టును తొలగించింది. జాక్ గోల్సన్ 1970లలో ఆరంభించిన పరిశోధన, ఆ తరువాతి అధ్యయనాలు అక్కడ సుమారు 7,000 ఏండ్ల నాటికే మట్టిదిబ్బలు పోసి సాగు చేశారని, పిమ్మట నీటి కాలువలు తవ్వారని నిరూపించాయి. 2008లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి పంటలు అరటి, చేమ వంటివి, ధాన్యమే లేదు. కోటలు లేవు, గాదెలు లేవు, రాజు లేడు, లిపి లేదు. అయినా వేల సంవత్సరాలు సాగు సాగింది. గాదెలో ఏండ్ల తరబడి నిలువ ఉంచి లెక్కగట్టదగిన ధాన్యం ఉన్నచోటనే పన్ను, పన్ను ఉన్నచోటనే రాజ్యం బలపడ్డాయని, నేలలో దాగి అవసరమైనప్పుడు తవ్వుకొనే దుంప పన్నువేసేవాని చేతికి సులువుగా చిక్కదని జేమ్స్ స్కాట్ 2017లో వాదించారు. ఈ వాదాన్ని అన్ని చోట్లకూ అన్వయించడం కష్టం. అయితే కూక్ ఉదాహరణ ఒక విషయాన్ని నిర్ద్వంద్వంగా చెబుతుంది: నగరం సేద్యానికి అనివార్యఫలం కాదు.

మెట్ల క్రమం తలక్రిందులైన సందర్భం కూడ ఉంది. ఆగ్నేయ టర్కీలోని గోబెక్లి తెపెలో క్లౌస్ ష్మిట్ 1995 నుంచి జరిపిన తవ్వకాలలో, జంతువుల బొమ్మలు చెక్కిన అనేక టన్నుల బరువు గల శిలాస్తంభాలు వలయాలుగా నిలిపి కనిపించాయి. వాటి వయస్సు పదకొండు వేల ఏండ్లకు పైబడినది. వాటిని నిలిపినవారు వేటపైనా, అడవి ధాన్యాలపైనా బ్రతికినవారు. ముందు పంట, తరువాత తీరిక, ఆ తరువాత ఆలయం అన్న వరుసకు ఇక్కడ తావు లేదు. పెద్ద సమూహం ఒకచోట కూడి పని చేయవలసి రావడమే ధాన్యపు అవసరాన్ని పెంచి ఉండవచ్చునన్న ఆలోచనకు ఈ స్థలం దారితీసింది.

దక్కను బూడిద దిబ్బలు

భారత ఉపఖండంలో వ్యవసాయ ఆవిర్భావం అనగానే బెలూచిస్తాన్‌లోని బోలన్ కనుమ వద్ద గల మెహర్‌గఢ్ ప్రస్తావన వస్తుంది. జాఁ-ఫ్రాన్స్వా జారీజ్ నాయకత్వంలోని ఫ్రెంచి బృందం 1974 నుంచి అక్కడ తవ్వకాలు జరిపి బార్లీ, గోధుమ, మూపురపు పశువుల పోషణ జాడలు కనుగొన్నది. అది క్రీ.పూ. 7000 నాటిదని చాలకాలం చెప్పుకొన్నారు. మానవ దంతాలపై జరిపిన రేడియో కార్బన్ పరీక్షలను 2025లో ప్రకటించిన పరిశోధకులు ఆరంభాన్ని సుమారు క్రీ.పూ. 5200 నాటికి కుదించారు. గంగామైదానంలో ఉత్తరప్రదేశ్‌లోని లహురాదేవ వరి విషయంలోను ఇటువంటి చర్చ నడుస్తున్నది. అక్కడ వరి వాడకం అతిప్రాచీనమే. కాని అది అడవి వరియా, సాగు వరియా అన్నది వివాదం. భారతీయ వరి పూర్తిగా పెంపుడు గుణాలు సంతరించుకొనడంలో క్రీ.పూ. 2000 ప్రాంతంలో తూర్పు నుంచి వచ్చిన చైనా వరితో జరిగిన సంకరానికి పాత్ర ఉన్నదని జన్యుశాస్త్ర అధ్యయనాలు సూచిస్తున్నాయి. ‘ముందు ఎవరు?’ అన్న పోటీలో తేదీలు మారిన ప్రతిసారీ ఒక దేశపు గర్వం పెరగడం, తరగడం చరిత్ర రచనకు శోభనీయం కాదు.

చైల్డ్ చిత్రంలో అసలు చోటు దొరకనిది దక్షిణ దక్కను. బళ్లారి, రాయచూరు, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాల సరిహద్దు మెట్టభూములలో పెద్ద పెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. బళ్లారి ప్రాంతంలో వాటిలో ఒకదానిని భీముడు సంహరించిన హిడింబాసురుని చితాభస్మమని ప్రజలు చెప్పుకొన్నారు. కొందరు పండితులు అగ్నిపర్వతపు బుగ్గి అన్నారు, మరికొందరు లోహం కరిగించిన చిట్టెమన్నారు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ పందొమ్మిదవ శతాబ్దంలోనే అవి నవీన శిలాయుగపు పశువుల దొడ్లని ఊహించారు. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులోని దిబ్బను తవ్వి ఈ ఊహను రుజువు చేశారు. అక్కడ కొయ్యకంచె గుంజలు నాటిన గుంతలు వరుసగా బయటపడ్డాయి. మెత్తని నేలపై పశువుల గిట్టల అచ్చులు చెక్కు చెదరకుండా కనిపించాయి. పేడ పేరుకొనడం, దానిని తగులబెట్టడం, మరల దొడ్డి కట్టడం – ఇది అనేక పర్యాయాలు జరిగింది. పశువులను మంటల మీదుగా నడిపించే పండుగ ఆచారాలతో ఆల్చిన్ దీనిని పోల్చారు. 1963లో వెలువడిన ఆయన గ్రంథం దక్షిణ భారత నవీన శిలాయుగానికి పశుపాలకులనే కేంద్రంగా నిలిపింది. 1990లలో కర్ణాటకలోని బుదిహాళ్‌లో కె. పద్దయ్య జరిపిన తవ్వకాలు ఈ దిబ్బలు ఒట్టి దొడ్లు కావని, వాటి పక్కనే నివాసాలు, మాంసం కోసిన నేలలు ఉన్నాయని చూపి ఆ చిత్రాన్ని మరింత పూరించాయి.

ఈ ప్రజలు ఏ పంటలు తిన్నారన్న ప్రశ్నకు సమాధానం ఇటీవలి దశాబ్దాలలో లభించింది. డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్ తదితరులు సంగనకల్లు, హళ్లూరు వంటి స్థలాలలోని మట్టిని నీట కలిపి, పైకి తేలిన మసిగింజలను ఏరి పరీక్షించారు. క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది నాటి ఆ గింజలలో ప్రధానమైనవి పెసర, ఉలవ, అండుకొర్ర, కొర్రకు దగ్గరి జాతియైన మరొక చిరుధాన్యం. గోధుమ, బార్లీ కొన్ని చోట్ల కొద్దిగా కనిపించాయి. అనగా దక్షిణ దక్కను ఇతరుల పంటలను అరువు తెచ్చుకొన్న ప్రాంతం మాత్రమే కాదు. వానకాలపు మెట్టసాగుకు అనువైన తన పప్పుధాన్యాలను, చిరుధాన్యాలను తానే మచ్చిక చేసుకొన్న స్వతంత్ర కేంద్రాలలో ఒకటి కావడానికి బలమైన ఆధారాలున్నాయి.

ఈ నిర్ధారణ విని సంతోషించేవారు దాని రెండవ భాగాన్ని కూడ వినాలి. తెలంగాణ, రాయలసీమలలో తరతరాల ప్రధానాహారమైన జొన్న తూర్పు సూడాన్ ప్రాంతంలో రూపొందిన పంట. సజ్జ పశ్చిమాఫ్రికాది, రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తునేలలది. క్రీ.పూ. రెండవ సహస్రాబ్దిలోను, ఆ తరువాతను సముద్రమార్గాలలో చేయి మారుతూ ఇవి మన దేశానికి చేరాయి. ఏ రాజూ పంపలేదు, ఏ శాసనమూ వాటి రాకను నమోదు చేయలేదు. ఇక్కడి రైతుకు అప్పటికే చిరుధాన్యాల సాగు తెలుసు గనుకనే ఆ పెద్దగింజల పంటలను గుర్తించి, తన నేలలో ఇముడ్చుకొనగలిగాడు. స్వంతం, పరాయి అన్న భేదం పైరుకు లేదు. దానిని కాపాడిన చేతికే అది స్వంతం.

చైల్డ్ కొలమానంతో చూస్తే ఉట్నూరు ప్రజలు సగం దారిలో ఆగిపోయినవారు. వారికి నగరం లేదు. బూడిద దిబ్బల కాలం తరువాత వెయ్యేండ్లకు పైగా దక్షిణాదిన నగరాలు వెలయలేదు. కాని వారు ఆగిపోయారనడానికి ముందు వారు ఎక్కడికి పోవలసి ఉందో చెప్పగలగాలి. వర్షం నమ్మరాని నేలలో, పశువులను మేతకు త్రిప్పుతూ, కొండలపై ఊళ్లు కట్టి, స్వల్పకాలంలో చేతికి వచ్చే పంటలు వేసుకొన్న ఆ జీవనం సుమారు రెండు వేల సంవత్సరాలు నిలిచింది. నగర నాగరికతలలో అంతకాలం నిలిచినవి ఎన్ని? దామోదర్ ధర్మానంద్ కోశాంబి చైల్డ్ వలెనే ఉత్పత్తి సాధనాలను చరిత్రకు పునాదిగా గ్రహించిన పండితుడు. అయినా పుణే పరిసరాలలో గొర్రెల కాపరుల ఋతుసంచారాన్ని కాలినడకన అనుసరించిన ఆయన, భారతదేశంలో పాత దశ నశించి కొత్త దశ రాదని, అనేక దశలు పక్కపక్కనే జీవిస్తాయని గుర్తించారు. నిచ్చెన కంటె ఈ పరిశీలన మన అనుభవానికి దగ్గరగా ఉంది.

ఎదుటి కొసన మరొక అతివాదం

చైల్డ్ ఆశావాదానికి ప్రతిక్రియగా బయలుదేరిన వాదాన్ని కూడ అంతే జాగ్రత్తగా పరీక్షించాలి. మార్షల్ సాలిన్స్ 1960లలో సేకర్తల సమాజాలను తొలి సంపన్న సమాజాలన్నారు. ఎస్టర్ బోసెరప్ 1965లో చైల్డ్ తర్కాన్ని తిరగవేసి, జనాభా ఒత్తిడే మనిషిని మరింత శ్రమతో కూడిన సాగు వైపు నెట్టినదని వాదించారు. మార్క్ కోహెన్, జార్జ్ ఆర్మెలాగోస్ 1984లో సంకలనం చేసిన అధ్యయనాలు అనేక ప్రాంతాలలో సేద్యం వచ్చిన తరువాతి అస్థిపంజరాలలో పుచ్చుపళ్లు, రక్తహీనత చిహ్నాలు, పోషకాహార లోపపు గుర్తులు పెరిగినట్లు చూపాయి. 1987లో జేర్డ్ డైమండ్ మరొక అడుగు వేసి వ్యవసాయం మానవజాతి చేసిన అత్యంత ఘోరమైన పొరపాటన్నారు.

ఎముకల సాక్ష్యం త్రోసిపుచ్చదగినది కాదు. కాని 1992లో జేమ్స్ వుడ్, ఆయన సహచరులు దానిలోని ఒక చిక్కును ఎత్తిచూపారు. వ్యాధి ఎముకపై గుర్తు వేయడానికి సమయం పడుతుంది. గుర్తు ఉన్న మనిషి ఆ వ్యాధిని కొంతకాలం తట్టుకొని బ్రతికినవాడు. శుభ్రమైన ఎముక ఆరోగ్యవంతునిదీ కావచ్చు, తొలి దెబ్బకే మరణించిన దుర్బలునిదీ కావచ్చు. స్థిరనివాసం వల్ల కాన్పుల మధ్య ఎడం తగ్గి, పిల్లల సంఖ్య పెరిగినదన్న అంశాన్ని కూడ లెక్కలోనికి తీసుకోవాలి. అన్నిటికీ మించి ‘పొరపాటు’ అన్న మాటలో ఒక తర్కదోషం ఉంది. పొరపాటు చేయడానికి ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఎంపిక చేసి ఉండాలి. మూడు వేల ఏండ్లు పట్టిన మార్పులో అటువంటి క్షణమే లేదు. విప్లవమన్నవారూ, పొరపాటన్నవారూ లేని క్షణాన్ని ఉన్నట్లు భావించారు. ఒకరు దానికి నమస్కరించారు, మరొకరు దానిని నిందించారు.

పదాలు, పరిపాలన

ఈ సందర్భంలో తెలుగు పదాల చరిత్ర ఆలోచింపజేస్తుంది. సంస్కృతంలో ‘వ్యవసాయం’ అంటే పట్టుదల, పూనిక, ప్రయత్నం. తెలుగులో అది సేద్యానికి పేరైంది. సంస్కృతంలో ‘కృషి’ అంటే దున్నడం, సేద్యం. తెలుగులో అది ప్రయత్నానికి పేరైంది. రెండు మాటలు ఒకదాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చున్నాయి. సేద్యాన్నీ, విడువని ప్రయత్నాన్నీ వేరుచేసి చూడలేని సమాజం చేసుకొన్న మార్పిడి ఇది. అటు ‘విప్లవం’ అన్న మాటకు సంస్కృతంలో ఉపద్రవం, కల్లోలం అన్న అర్థాలున్నాయి. నేటి తెలుగులో అది పురోగామి పరివర్తన. చైల్డ్ ఆశ, డైమండ్ నిందా రెండూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. పురాతత్త్వం నేడు చూపుతున్న దానికి మాత్రం విప్లవం కంటె వ్యవసాయమన్న మాట, దాని పాత అర్థంలో, ఎక్కువ తగినది.

పేర్ల మార్పు పరిపాలనలోను జరుగుతున్నది. జొన్న, సజ్జ, రాగి, కొర్రలను ప్రభుత్వ లెక్కలలో చాలకాలం ‘ముతక ధాన్యాలు’ అన్నారు. ఆ విశేషణంలోనే ఒక తీర్పు ఉంది; సన్నని ధాన్యం తినేవారు నాగరికులు, ముతక ధాన్యం తినేవారు తక్కువవారు అన్న భావం దాని నీడలో పెరిగింది. 2018లో భారత ప్రభుత్వం వాటిని ‘పోషక ధాన్యాలు’గా ప్రకటించింది. భారత ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇది ఆహ్వానించదగిన సవరణ. అయితే పేరు మారినంతలో దృష్టి మారినట్లు కాదు. గింజకు గౌరవమిచ్చి, దానిని నాలుగు వేల ఏండ్లుగా కాపాడిన మెట్టరైతును, మందల కాపరిని వెనుకటి మెట్టుపైనే నిలబెడితే ఆ గౌరవం సగమే.

పోడు సాగు విషయం ఇంకా జటిలమైనది. 1988 నాటి జాతీయ అటవీ విధానం పోడును నిరుత్సాహపరచి ప్రత్యామ్నాయాలు చూపాలని చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో సాగు చేసుకొంటున్న వారి హక్కులను గుర్తించింది. అడవి రక్షణ, జీవనోపాధి రెండూ న్యాయమైన ప్రయోజనాలే. వీటిని తూచవలసినది నేటి వాస్తవాలతో. పోడు ‘ఆదిమ దశ’ గనుక తొలగిపోవాలన్న వాదానికి మాత్రం చరిత్రలో ఆధారం లేదు. పురాతత్త్వం విధానాలను నిర్ణయించదు. విధానాల వెనుక దాగిన అలవాటు భావాలను పరీక్షకు నిలుపగలదు.

‘మ్యాన్ మేక్స్ హిమ్‌సెల్ఫ్’ గ్రంథంలోని తేదీలు మారాయి, వాతావరణ సిద్ధాంతం వీగిపోయింది, సామగ్రి సంపుటి విడిపోయింది, మెట్ల నిచ్చెన ఒక ప్రాంతపు అనుభవంగా మిగిలింది. మిగలవలసినవి రెండు ఇంకా మిగిలే ఉన్నాయి. అన్నం సంపాదన చరిత్రకు కేంద్రవిషయమన్న పట్టుదల ఒకటి. మనిషి తన్ను తాను రూపొందించుకొన్నాడని చెప్పే ఆ శీర్షిక రెండవది. ఆ రూపొందించుకొనడం ఒక్క నదీలోయలో, ఒక్క తరంలో జరగలేదు. యాంగ్‌ట్సీ చిత్తడులలో, కూక్ మట్టిదిబ్బలపై, బాల్సాస్ వాలులలో, ఉట్నూరు పశువుల దొడ్ల పక్కన పేరు తెలియని చేతులు వేర్వేరు దారులలో చేసిన పని అది. విద్యార్థి చేతికి ఈ పుస్తకాన్ని నేటికీ ఇవ్వవచ్చును. ఇచ్చేటప్పుడు ప్రపంచపటంతో పాటు దక్కను పటాన్ని కూడ పక్కన పెట్టాలి.